యూనిట్ 9: కారు రంగుకు మెరుపు తిరిగి తేవడం – కాంపౌండ్లు, పాలిష్‌ల ఎంపిక

9.0 ఉద్దేశాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు కింది పనులు చేయగలుగుతారు.

• కారు రంగులోని పొరలను, వాటి మందాన్ని వివరించగలుగుతారు.
• మెరుపు ఎందుకు తగ్గుతుందో శాస్త్రీయంగా చెప్పగలుగుతారు.
• కాంపౌండ్, పాలిష్, గ్లేజ్, వాక్స్‌ల మధ్య తేడాలు గుర్తించగలుగుతారు.
• లోపాన్ని బట్టి తగిన పదార్థాన్ని ఎంచుకోగలుగుతారు.
• ఎప్పుడు పాలిష్ చేయకూడదో నిర్ణయించగలుగుతారు.

9.1 పరిచయం

దసరా వస్తోందంటే మన ఊళ్లలో వాహన పూజకు ముందే డెంటింగ్, పెయింటింగ్ షెడ్లు కళకళలాడతాయి. కారును కడిగించి, 'ఫుల్ రబ్బింగ్' చేయించి, నిమ్మకాయలు తొక్కించడం చాలామందికి అలవాటు. నేనూ ఒకప్పుడు అదే చేసేవాణ్ణి. ముదురు నీలం రంగు కారొకటి కొన్న కొత్తలో, ప్రతి దసరాకూ ఒక షెడ్డుకు తీసుకుపోయి "గీత ఒక్కటి కూడా కనబడకూడదు" అని చెప్పేవాణ్ణి. పనివాడు గరుకు కాంపౌండ్ పూసి, ఉన్ని బఫ్‌తో మెషిన్ తిప్పి, గంటన్నరలో కారును అద్దంలా చేసి ఇచ్చేవాడు. ఐదో ఏడు వేసవిలో బానెట్ మీది మడత గీత వెంబడి తెల్లటి మచ్చలు తేలాయి. మరుసటి ఏడాదికి అక్కడ పైపొర పొట్టులా లేచిపోయింది. చివరకు బానెట్ మొత్తానికి రంగు వేయించవలసివచ్చింది.

తప్పు పనివాడిది కాదు. అతను నేను అడిగిందే చేశాడు. రసాయనశాస్త్రం బోధించే నేనే, ఏటా నేను కొనుక్కుంటున్న మెరుపు ఎక్కడి నుంచి వస్తోందో ఆలోచించలేదు. అది కారు మీద ఉన్న రక్షణ పొర నుంచే, ఆ పొరను కొంచెం కొంచెంగా అరగదీయడం వల్లనే వస్తోంది. ఈ యూనిట్ మొత్తానికి మూలసూత్రం ఇదే. మీరు సొంత కారు చూసుకునేవారైనా, ట్యాక్సీ నడిపి బతికేవారైనా, షెడ్డు పెట్టుకోవాలనుకునేవారైనా ఈ సూత్రాన్ని మరవకండి.

9.2 కారు రంగులోని పొరలు

ఇప్పటి కార్లలో ఎక్కువ వాటికి రంగు నాలుగు పొరలుగా ఉంటుంది. లోపలి నుంచి బయటికి వాటి క్రమం ఇది.

(అ) ఎలక్ట్రోకోట్: ఉక్కు రేకుకు తుప్పు పట్టకుండా విద్యుత్ సహాయంతో వేసే పొర. సుమారు 20 మైక్రాన్లు.
(ఆ) ప్రైమర్ సర్ఫేసర్: ఎగుడుదిగుళ్లు సరిచేసి, పై పొరలకు పట్టు ఇచ్చేది. సుమారు 30 నుంచి 40 మైక్రాన్లు.
(ఇ) బేస్ కోట్: మన కంటికి కనిపించే రంగు, మెటాలిక్ రేణువులు ఉండే పొర. సుమారు 15 మైక్రాన్లు. దీనికి సొంత మెరుపు ఉండదు.
(ఈ) క్లియర్ కోట్: రంగులేని పారదర్శక పొర. సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు. మెరుపు, ఎండ నుంచి రక్షణ రెండూ దీనివల్లనే లభిస్తాయి.

1 మైక్రాన్ అంటే మిల్లీమీటరులో 1000వ వంతు. అన్ని పొరలూ కలిపినా మందం మిల్లీమీటరులో ఎనిమిది తొమ్మిదో వంతు మాత్రమే. అందులో మనం ముట్టుకోదగిన క్లియర్ కోట్ మందం మీ చేతిలోని ఈ పుస్తకపు కాగితం మందంలో సుమారు సగం. మడతల వద్ద, అంచుల వద్ద ఇది ఇంకా పలచగా ఉంటుంది. నా కారు బానెట్ మడత దగ్గరే ముందుగా పాడవడానికి కారణం ఇదే.

క్లియర్ కోట్‌లో అతినీలలోహిత కిరణాలను పీల్చుకునే రసాయనాలు కలిపి ఉంటాయి. పొర పలచబడేకొద్దీ ఎండను అడ్డుకునే శక్తి తగ్గుతుంది. అరిగిన క్లియర్ కోట్ మళ్లీ పెరగదు. వాక్స్ దాని స్థానాన్ని భర్తీ చేయదు.

పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వంటి కార్లకు క్లియర్ కోట్ ఉండేది కాదు. రంగు, మెరుపు ఒకే పొరలో ఉండేవి. దీన్ని ఒకే పొర రంగు అంటారు. ఇప్పటికీ కొన్ని వాహనాలకు, ముఖ్యంగా సాదా తెలుపు రంగు వాటికి, ఈ పద్ధతి కనిపిస్తుంది. మీ కారుది ఏ రకమో తెలుసుకోవడం సులభం. కంటపడని చోట కాస్త మెత్తని పాలిష్‌ను తెల్లగుడ్డతో రుద్దండి. గుడ్డకు కారు రంగు అంటితే అది ఒకే పొర రంగు. అంటకపోతే పైన క్లియర్ కోట్ ఉన్నట్లు. తెల్ల కారుకు మాత్రం నల్లగుడ్డ వాడాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
1. కారు రంగుకు మెరుపునిచ్చే పొర ఏది?
2. ఒకే పొర రంగును ఎలా గుర్తిస్తారు?

9.3 మెరుపు అంటే ఏమిటి? అది ఎందుకు తగ్గుతుంది?

నునుపైన తలం మీద పడిన కాంతి ఒకే దిశలో తిరిగి వస్తుంది. దీన్ని క్రమ పరావర్తనం అంటారని పాఠశాలలో చదివారు. తలం గరుకైతే కాంతి నలుదిక్కులా చెదిరిపోతుంది. క్లియర్ కోట్ వక్రీభవన గుణకం సుమారు 1.5. అంటే నిటారుగా పడిన కాంతిలో దాదాపు 4 శాతమే దాని పైతలం నుంచి వెనక్కు వస్తుంది. ఆ 4 శాతమూ చెదరకుండా వస్తే కారులో మన ముఖం కనిపిస్తుంది. చెదిరితే బూడిద రంగు పొగ కమ్మినట్లుంటుంది. ముదురు రంగు కార్లలో ఈ పొగ కొట్టొచ్చినట్లు కనబడుతుంది. తెల్లకారులో అంతగా కనబడదు. గీతలు మాత్రం రెండింటిలోనూ ఉంటాయి.

కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం 400 నుంచి 700 నానోమీటర్లు, అంటే మైక్రానులో సగం అటూ ఇటూ. గీతల లోతు దీనికంటే బాగా తగ్గితే కన్ను వాటిని గుర్తించలేదు. పాలిష్ చేయడమంటే గీతలు లేకుండా చేయడం కాదు. పెద్ద గీతల స్థానంలో కంటికి ఆననంత చిన్న గీతలు పెట్టడం.

మెరుపు తగ్గడానికి మన ప్రాంతంలో కనిపించే ప్రధాన కారణాలు ఇవి.

(1) పొడి గుడ్డతో దుమ్ము దులపడం: రోడ్డు దుమ్ములో క్వార్ట్జ్ ఇసుక రేణువులు ఉంటాయి. మోహ్స్ మాపకం మీద వాటి కాఠిన్యం 7. క్లియర్ కోట్ ఒక రకం ప్లాస్టిక్, దానికంటే ఎంతో మెత్తన. పొద్దున్నే పొడి గుడ్డతో కారు తుడిచే అలవాటు రోజూ గరుకు కాగితం పెట్టడంతో సమానం. ఎండలో దీపం చుట్టూ సాలెగూడులా కనిపించే సన్నగీతలు ఎక్కువగా ఇలా వచ్చినవే.

(2) బోరు నీరు: ఈ నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. నీరు ఆవిరయ్యాక అవి తెల్లటి మరకలుగా మిగులుతాయి. ఎండలో కడిగితే మరక ఇంకా గట్టిపడుతుంది.

(3) పక్షి రెట్టలు, చెట్ల జిగురు: నీడ కోసం చెట్టు కింద నిలిపిన కారుకు ఇవి తప్పవు. రెట్ట ఎండలో కొన్ని గంటలుంటే కింది పొరను తినేసి గుంట చేస్తుంది.

(4) ఎండ: అతినీలలోహిత కిరణాల వల్ల రెజిన్ బంధాలు తెగుతాయి. ఒకే పొర రంగులో వర్ణక రేణువులు బయటపడి, చేత్తో రాస్తే పొడిలా అంటుతుంది.

9.4 పదార్థాల రకాలు

అంగడిలో డబ్బాల మీది పేర్లు గందరగోళంగా ఉంటాయి. ఒక సంస్థ 'పాలిష్' అన్నదాన్ని మరొకటి 'కాంపౌండ్' అనవచ్చు. కాబట్టి పేరు కాదు, ఆ పదార్థం చేసే పని చూడండి. ప్రశ్న ఒక్కటే: ఇది పొరను అరగదీస్తుందా, కప్పుతుందా?

అరగదీసేవి

కాంపౌండ్: ఇందులో ముతక అపఘర్షకం (రాపిడి పదార్థం) ఉంటుంది. ఎక్కువగా వాడేది అల్యూమినియం ఆక్సైడ్, కాఠిన్యం 9. వాటర్ పేపర్ గీతలను, లోతైన మరకలను తీయడానికి ఇది పనికివస్తుంది. తీశాక తానూ సన్నటి మసక మిగులుస్తుంది. అందుకే కాంపౌండ్ తరవాత పాలిష్ తప్పనిసరి.

పాలిష్: ఇందులో సన్నని అపఘర్షకం ఉంటుంది. సన్నగీతలు, పలుచని మసక పోగొట్టి మెరుపు తెస్తుంది. చాలా కార్లకు ఇదొక్కటే చాలు.

కొన్ని పాత తరహా పదార్థాల్లో రేణువులు రుద్దేకొద్దీ చితికి సన్నబడతాయి. వాటిని పూర్తిగా రుద్దకుండా మధ్యలో ఆపితే గీతలు మిగులుతాయి. కొత్త తరహావాటిలో రేణువు మొదటినుంచి చివరిదాకా ఒకే పరిమాణంలో ఉంటుంది. డబ్బా మీది సూచనలు చదివితే ఏది ఏ రకమో తెలుస్తుంది.

కప్పేవి

గ్లేజ్: నూనెలు, పూరక పదార్థాలతో గీతలను నింపి తాత్కాలికంగా దాస్తుంది. కొన్ని కడుగుళ్లలో పోతుంది. అమ్మకానికి పెట్టిన పాత కార్ల మీద దీన్ని విరివిగా వాడతారు.

వాక్స్: మెరుపును కొద్దిగా పెంచి నీరు నిలవకుండా చేస్తుంది. పేరున్నది బ్రెజిల్ తాటి జాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నూబా వాక్స్. ఇది 82 నుంచి 86 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల వద్దే కరుగుతుంది. మే నెల ఎండలో ముదురు రంగు బానెట్ వేడి 60 డిగ్రీలు దాటవచ్చు కనుక ఈ తేడా మనకు ముఖ్యం.

సీలెంట్, సిరామిక్ కోటింగ్: ఇవి కృత్రిమ పాలిమర్లు, సిలికా ఆధారిత పూతలు. వాక్స్ కంటే ఎక్కువ కాలం నిలుస్తాయి. వీటికింద ఉన్న గీతలు మాత్రం అలాగే ఉండిపోతాయి. కాబట్టి ముందు గీతలు తీయాలి, తరవాతే కోటింగ్ వేయాలి.

ఒక హెచ్చరిక: సిలికాన్ నూనె ఉన్న పాలిష్‌ను రంగు వేయబోయే చోట వాడకండి. కొత్త రంగు అక్కడ పట్టక చేపకన్ను ఆకారంలో గుంటలు పడతాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
3. గ్లేజ్‌కు, పాలిష్‌కు తేడా ఏమిటి?
4. కాంపౌండ్ వాడిన తరవాత పాలిష్ ఎందుకు అవసరం?

9.5 లోపాన్ని గుర్తించడం

వైద్యుడు మందు రాసే ముందు నాడి చూస్తాడు. అలాగే పదార్థం కొనేముందు కారును చూడాలి. ముందుగా కారును కారు షాంపూతో శుభ్రంగా కడిగి ఆరబెట్టండి. తరవాత ఈ నాలుగు పరీక్షలు చేయండి.

స్పర్శ పరీక్ష: అరచేతికి పలుచని ప్లాస్టిక్ సంచి తొడిగి తలాన్ని మెల్లగా నిమరండి. గరగరలాడితే ఇనుప రజను, రంగు తుంపరలు అంటుకుని ఉన్నాయన్నమాట. దీనికి కావలసింది పాలిష్ కాదు, క్లే బార్. తడి చేసి క్లేతో రుద్దితే అవి ఊడివస్తాయి.

గోటి పరీక్ష: గీతకు అడ్డంగా గోరు నడపండి. గోటికి తగిలితే ఆ గీత లోతైనది. దాన్ని పూర్తిగా తీయబోతే క్లియర్ కోట్ పోతుంది. టచప్ రంగుతో నింపడమో, అంచులు మెత్తబరచి సరిపెట్టుకోవడమో మేలు. అడుగున తెల్లగానో బూడిదగానో ప్రైమర్ కనిపిస్తే పాలిష్‌తో పని లేదు.

నీటి పరీక్ష: మసకబారిన చోట నీళ్లు చల్లండి. తడిగా ఉన్నంతసేపు రంగు లోతుగా, నిగనిగలాడుతూ కనిపిస్తే మసక పైతలంలోనే ఉంది. నీళ్లు గీతల్లో నిండి తలాన్ని నునుపు చేశాయి. ఇలాంటిదానికి పాలిష్ పనిచేసే అవకాశం ఎక్కువ. తడిలోనూ తెల్లమచ్చలు అలాగే ఉంటే, అంచులు పొట్టులా లేస్తుంటే, క్లియర్ కోట్ చెడిపోయింది. ఏ పాలిషూ దాన్ని బాగుచేయదు. మళ్లీ రంగు వేయించడమే దారి.

మందం పరీక్ష: పెయింట్ మందం కొలిచే గేజ్ దొరికితే ప్రతి భాగం మీద నాలుగైదు చోట్ల కొలవండి. ఇది అన్ని పొరల మొత్తం మందాన్ని చెబుతుంది, క్లియర్ కోట్ ఒక్కదానిది కాదు. కారంతా 120 మైక్రాన్లుండి ఒక డోరు మాత్రం 300 చూపిస్తే ఆ డోరుకు లప్పం పెట్టి మళ్లీ రంగు వేశారని అర్థం. 85, 90 చూపిస్తే ముందే ఎవరో బాగా రుద్దారేమోనని అనుమానించి, అక్కడ కాంపౌండ్ మాట ఎత్తకండి. సాధారణ గేజ్‌లు ప్లాస్టిక్ బంపర్ల మీద పనిచేయవు.

9.6 ఎంపిక సూత్రం: మెత్తనిదానితో మొదలు

ఇక్కడ పాటించవలసిన నియమం ఒక్కటే. పని జరిగే పదార్థాల్లో అన్నిటికంటే మెత్తనిది ఎంచుకోండి. అది ముందే తెలియదు గనుక ప్రయోగం చేసి తెలుసుకోవాలి.

బానెట్ మీద జానెడున్నర చదరపు చోటు తీసుకుని చుట్టూ మాస్కింగ్ టేప్ అతికించండి. సన్నని పాలిష్, మెత్తని ఫోమ్ ప్యాడ్‌తో మొదలుపెట్టండి. తుడిచి, ఎండలోనో టార్చి వెలుగులోనో చూడండి. ఫలితం చాలకపోతే పాలిష్ మార్చకుండా కాస్త గట్టి ప్యాడ్ వాడండి. అప్పటికీ చాలకపోతేనే కాంపౌండ్‌కు వెళ్లండి. ఏ జోడీ పనిచేసిందో రాసుకుని, మిగతా కారుకు అదే వాడండి. ఫలితం చూసేముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను నీటిలో కలిపి తుడవడం మంచిది. పాలిష్‌లోని నూనెలు గీతలను దాస్తాయి. అవి పోతేనే అసలు రూపం తెలుస్తుంది.

ప్యాడ్, యంత్రం కూడా ఎంపికలో భాగమే. ఉన్ని ప్యాడ్ ఎక్కువ కోస్తుంది, ఫోమ్ తక్కువ కోస్తుంది. రోటరీ యంత్రం ఒకే ఇరుసు మీద తిరిగి ఒకచోట వేడి పుట్టిస్తుంది. అనుభవం లేని చేతిలో రంగును కాల్చేయగలదు. తిరుగుతూ ఊగే డ్యుయల్ యాక్షన్ యంత్రం నిదానంగా పనిచేసినా క్షేమం. నేర్చుకునేవారు దీనితోనే మొదలుపెట్టాలి.

ఇప్పుడొక లెక్క చూద్దాం. ఒక కారు క్లియర్ కోట్ 45 మైక్రాన్లు, అంచుల వద్ద 30 అనుకుందాం. ఒక్కో గరుకు రబ్బింగ్ 3 మైక్రాన్లు తీస్తుందనుకుందాం. ఐదు దసరాలకు 15 మైక్రాన్లు. మధ్యలో 30 మిగిలినా, అంచుల వద్ద 15కు దిగిపోతుంది. నిజానికి యంత్రపు ఒత్తిడి అంచుల మీద ఎక్కువ పడుతుంది కనుక అక్కడ ఇంకా తక్కువే మిగులుతుంది. అదే కారుకు ఐదేళ్లలో ఒక్కసారి 1 మైక్రాన్ తీసే సన్నని పాలిష్ చేసి, మిగతా ఏళ్లు వాక్స్‌తో సరిపెట్టి ఉంటే 44 మైక్రాన్లు మిగిలేవి. ఈ అంకెలు ఉదాహరణకే అయినా, నా కారుకు జరిగింది సరిగ్గా ఇదే.

9.7 పని విధానం

(1) కారును నీడలో, తలం చల్లగా ఉన్నప్పుడే పట్టుకోండి.
(2) కడగడం, అవసరమైతే క్లే బార్ వాడడం ముందే పూర్తి చేయండి. దుమ్ము మీద పాలిష్ చేస్తే కొత్త గీతలు పడతాయి.
(3) రబ్బరు బీడింగులు, నల్ల ప్లాస్టిక్ భాగాలు, పదునైన మడతలు టేపుతో కప్పండి. కాంపౌండ్ వాటిమీద ఎండితే తెల్లమరక పోవడం కష్టం.
(4) ప్యాడ్ మీద బఠాణీ గింజంత బొట్లు మూడు నాలుగు చాలు. ఎక్కువైతే ప్యాడ్ జారుతుంది, దుమ్ము లేస్తుంది.
(5) చిన్న చిన్న భాగాలుగా, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి నెమ్మదిగా నడపండి. తరచుగా చేత్తో తాకి వేడి చూడండి. చేయి పెట్టలేనంత వేడి ఉంటే వెంటనే ఆపండి.
(6) శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. కిందపడిన గుడ్డను మళ్లీ కారుకు తగిలించకండి.
(7) చివరగా వాక్స్ లేదా సీలెంట్ పలుచగా పూయండి.

కళ్లద్దాలు, మాస్కు తప్పక వాడండి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కనుక అంబాసిడర్ కాలపు కార్లను పొడిగా అసలు రుద్దకండి.

9.8 మానుకోవలసిన అలవాట్లు

టూత్‌పేస్ట్: ఇందులోనూ సుద్ద, సిలికా వంటి రాపిడి పదార్థాలుంటాయి. అవి పళ్లకోసం తయారైనవి. చిన్న గీత పోయినట్లనిపించినా చుట్టూ మసక మిగలవచ్చు.

కిరోసిన్, డీజిల్: తుడిచిన పూట తళతళలాడుతుంది. ఆ జిడ్డుకు సాయంత్రానికల్లా దుమ్ము పట్టి, మర్నాడు తుడిచినప్పుడు గీతలవుతుంది.

గిన్నెలు తోమే సబ్బు: పైనున్న వాక్స్‌ను కడిగేస్తుంది.

కొత్తగా రంగు వేసిన భాగానికి వెంటనే వాక్స్: రంగులోని ద్రావణి పూర్తిగా ఆరడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. రంగు వేసినవారు చెప్పిన గడువు పాటించండి.

మ్యాట్ రంగుకు పాలిష్: మ్యాట్ తలం కావాలనే గరుకుగా తయారుచేసినది. పాలిష్ చేస్తే అక్కడక్కడ మెరుపు మచ్చలు పడతాయి. వాటిని వెనక్కు తీసుకోలేం.

వీటన్నిటికీ బదులు ఒక్క మంచి అలవాటు చేసుకోండి. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకటి షాంపూ నీటికి, ఒకటి గుడ్డ జాడించడానికి. ముందు నీళ్లు ధారగా పోసి దుమ్ము కరిగించి, తరవాతే గుడ్డ తగిలించండి. కడిగిన వెంటనే తుడిచి ఆరబెట్టండి. దీనివల్ల కాంపౌండ్ అవసరమే చాలావరకు తప్పుతుంది.

9.9 సారాంశం

కారు మెరుపు 40 నుంచి 50 మైక్రాన్ల క్లియర్ కోట్ మీద ఆధారపడి ఉంటుంది. అది ఒకసారి అరిగితే తిరిగి రాదు. కాంపౌండ్, పాలిష్ పొరను అరగదీస్తాయి. గ్లేజ్, వాక్స్, కోటింగ్ కప్పుతాయి. స్పర్శ, గోరు, నీరు, మందం పరీక్షలతో లోపాన్ని గుర్తించి, మెత్తని పదార్థంతో మొదలుపెట్టి అవసరమైనంతే ముందుకు వెళ్లాలి. కొన్ని గీతలను అలాగే ఉండనివ్వడం కూడా సరైన నిర్ణయమే. ఖాతాదారు "గీత ఒక్కటి కూడా ఉండకూడదు" అన్నప్పుడు, ఎంత పొర మిగిలి ఉందో అతనికి చెప్పడం పనితనంలో భాగం. ఆనాడు నాకు ఎవరైనా ఆ మాట చెప్పి ఉంటే వినేవాణ్ణనే అనుకుంటాను.

9.10 కీలక పదాలు

అపఘర్షకం: రాపిడి ద్వారా తలాన్ని అరగదీసే గట్టి రేణువుల పదార్థం.
క్లియర్ కోట్: రంగు మీద ఉండే పారదర్శక రక్షణ పొర.
మైక్రాన్: మిల్లీమీటరులో 1000వ వంతు.
క్రమ పరావర్తనం: నునుపైన తలం మీద కాంతి ఒకే దిశలో తిరిగి రావడం.

9.11 మీ ప్రగతిని సరిచూసుకోండి – సమాధానాలు

1. క్లియర్ కోట్. ఒకే పొర రంగులో ఆ రంగు పొరే మెరుపునిస్తుంది.
2. మెత్తని పాలిష్‌తో రుద్దినప్పుడు గుడ్డకు కారు రంగు అంటుతుంది.
3. గ్లేజ్ గీతలను నింపి దాస్తుంది. పాలిష్ తలాన్ని అరగదీసి గీతలను తగ్గిస్తుంది.
4. కాంపౌండ్‌లోని ముతక రేణువులు మిగిల్చిన మసకను తొలగించడానికి.

9.12 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. కారు రంగులోని పొరలను వివరించి, మెరుపు తగ్గడానికి కారణాలు తెలపండి.
2. 'మెత్తనిదానితో మొదలు' అనే సూత్రాన్ని ఉదాహరణతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. నీటి పరీక్ష ద్వారా ఏం తెలుసుకోవచ్చు?
2. అరగదీసే పదార్థాలకు, కప్పే పదార్థాలకు తేడాలు రాయండి.

III. అభ్యాసం
మీ ఇంట్లోనో, వీధిలోనో ఉన్న ఒక కారును యజమాని అనుమతితో పరిశీలించండి. స్పర్శ, గోరు, నీరు పరీక్షలు చేసి, ఏ భాగానికి ఏ పదార్థం తగినదో, ఏ భాగాన్ని ముట్టుకోకూడదో ఒక పేజీలో కారణాలతో రాయండి.